మట్టి కొట్టుకుపోతుంటే చూస్తూ ఊరుకోని బెన్నెట్

తొలకరి వాన గట్టిగా కురిసిన మరునాడు మన జిల్లాలో ఏ వంక దగ్గర నిలబడినా పారే నీళ్లు ఎర్రగా కనిపిస్తాయి. వంక వచ్చిందని, చెరువులోకి నీళ్లు చేరుతున్నాయని ఊరంతా సంతోషిస్తుంది. ఆ ఎరుపు ఎక్కడిదని అడిగేవారు తక్కువ. అది ఎగువ చేలలోని పైమట్టి. దుక్కి దున్ని, పశువుల ఎరువు తోలి, రైతు కష్టపడి తయారు చేసుకున్న నేల. ఒక్క వానకు పోయేది కంటికి ఆనదు. ఇరవై ముప్పై ఏళ్ల తర్వాత చేనులో గులకరాళ్లు తేలి, వేరుశనగ ఊడలు దిగడానికి మెత్తని నేల కరువైనప్పుడు కానీ సంగతి తెలియదు.

ఈ నష్టాన్ని ముందుగా పసిగట్టి, దాన్ని కొలిచి చూపించి, ఒక దేశం చేత చట్టం చేయించిన వ్యక్తి హ్యూ హామండ్ బెన్నెట్. అమెరికా దేశస్థుడు. నేల సంరక్షణకు పితామహుడని ఆయనకు పేరు. ఆయన కన్నుమూసి ఆరు దశాబ్దాలు దాటింది. మెట్ట సేద్యం మీద ఆధారపడిన మన రైతులు ఆయన జీవితం నుంచి తెలుసుకోదగిన విషయాలు చాలా ఉన్నాయి.

పత్తి చేలలో పెరిగిన పిల్లవాడు

బెన్నెట్ 1881 ఏప్రిల్ 15న ఉత్తర కరోలినా రాష్ట్రంలోని ఆన్సన్ కౌంటీలో, వేడ్స్‌బరో పట్టణానికి సమీపంలో జన్మించారు. కౌంటీ అంటే మన జిల్లా వంటిది. ఆయనది వ్యవసాయ కుటుంబం. దాదాపు 1200 ఎకరాల పత్తి కమతం వారిది. అక్కడి భూములు మన మెట్ట పొలాల మాదిరిగానే వాలుగా ఉండేవి. పైన పలుచని మెత్తటి మట్టి, దాని కింద ఎర్రని బంక మన్ను.

ఏటేటా పత్తి వేయడం, వరుసల మధ్య నేలను బోసిగా వదిలేయడం ఆ ప్రాంతపు అలవాటు. వాన పడితే నీళ్లు వరుసల వెంట పల్లానికి పరుగెత్తేవి. కొందరు రైతులు వాలుకు అడ్డంగా గట్లు పోసేవారు. బెన్నెట్ తండ్రి కూడా పోశారు. చిన్నతనంలో తండ్రి వెంట తిరుగుతూ గట్లకు మట్టం చూసి గుర్తులు పెట్టే పనిలో బెన్నెట్ సాయపడేవారు. ఎందుకీ శ్రమ అని అడిగితే, భూమి కొట్టుకుపోకుండా ఉండటానికని తండ్రి చెప్పేవారట. ఆ మాట పిల్లవాడి మనసులో నాటుకుంది.

ఉన్నత చదువు కోసం చాపెల్ హిల్‌లోని విశ్వవిద్యాలయంలో చేరారు. మధ్యలో డబ్బు చాలలేదు. రెండేళ్లు చదువు మాని, మందుల దుకాణంలో పనిచేసి, ఆ సంపాదనతో తిరిగి వెళ్లి చదువు ముగించారు. 1903లో పట్టా పుచ్చుకున్నారు. రసాయన శాస్త్రం, భూగర్భ శాస్త్రం ఆయన చదివిన విషయాలు. ఆ ఏడాదే అమెరికా వ్యవసాయ శాఖలోని నేలల విభాగంలో ఉద్యోగం దొరికింది.

అడవి మట్టి, చేని మట్టి

నేలల సర్వే అంటే ఊరూరా తిరిగి, బరమాతో నేలను తొలిచి, ఎంత లోతున ఏ మట్టి ఉందో చూసి పటం గీయడం. ఎండలో నడక, బండి ప్రయాణం, రాత్రికి ఏ రైతు ఇంట్లోనో బస. ఈ పని చేస్తూనే బెన్నెట్ నేలను చదవడం నేర్చుకున్నారు.

1905లో వర్జీనియా రాష్ట్రంలోని లూయీసా కౌంటీకి ఆయనను పంపారు. అక్కడ పంటల దిగుబడి ఎందుకు పడిపోతున్నదో తేల్చమన్నారు. సహోద్యోగి ఒకరితో కలిసి బెన్నెట్ ఆ ప్రాంతమంతా తిరిగారు. ఒకచోట అడవి, దాన్ని ఆనుకుని సాగుచేసిన చేను కనిపించాయి. రెండింటికీ ఒకటే వాలు. రెండింటి కిందా ఒకే రకం రాయి. అయినా అడవిలో మట్టి మెత్తగా, తేమగా, చేత్తో తవ్వేలా ఉంది. పక్కనున్న చేనులో మట్టి గట్టిగా, బిరుసుగా, దాదాపు రాయిలా ఉంది.

ఒకే నేల రెండు తీరులుగా ఎందుకు మారింది? చేనులో పైమట్టి పోయిందని బెన్నెట్ గ్రహించారు. మిగిలింది అడుగున ఉండే బంక మన్ను మాత్రమే. అది ఒక్క రోజులో గండిపడి పోయింది కాదు. ప్రతి వానకూ కాగితమంత పలుచని పొర చేను పొడవునా లేచిపోయింది. గండి పడితే ఎవరికైనా కనబడుతుంది, రైతు పరుగెత్తి పూడుస్తాడు. ఈ పొర కోత మాత్రం ఎవరి కంటా పడదు. ఏటా దున్నుతూనే ఉంటారు కాబట్టి నేల మామూలుగానే ఉన్నట్టు తోస్తుంది. పంట తగ్గితే విత్తనం మంచిది కాదనో, వాన చాలలేదనో అనుకుంటారు.

అప్పటికి బెన్నెట్ వయసు 24 ఏళ్లు. తర్వాతి యాభై ఏళ్లు ఆయన చేసిన పనికంతటికీ లూయీసా కౌంటీలో చూసిన ఆ రెండు పిడికిళ్ల మట్టే మూలం.

పై అధికారులు నమ్మలేదు

ఆయన చెప్పింది శాఖలో పెద్దలకు నచ్చలేదు. నేల ఎన్నటికీ తరగని సంపద అని, ఎంత వాడినా చెడిపోదని నేలల విభాగమే 1909లో అచ్చువేసింది. కింది ఉద్యోగి దాన్ని కాదంటే ఎవరు వింటారు?

బెన్నెట్ వాదన పెంచుకోలేదు. తిరుగుతూ లెక్కలు పోగుచేశారు. దక్షిణ కరోలినాలోని ఫెయిర్‌ఫీల్డ్ కౌంటీలో 1911లో జరిగిన సర్వేలో సుమారు 90 వేల ఎకరాలు గండ్లు పడి సాగుకు పనికిరాకుండా పోయాయని తేలింది. కొండవాలు నుంచి వచ్చిన మట్టి, ఇసుక మేటవేసి మరో 46 వేల ఎకరాల పల్లపు భూములు చిత్తడిగా మారాయి. ఒక్క కౌంటీలోనే లక్షా 36 వేల ఎకరాల నష్టం. మిట్టన ఉన్నవాడికి మట్టి పోయింది. పల్లాన ఉన్నవాడికి ఇసుక మేట మిగిలింది.

బెన్నెట్ పనామా, అలాస్కా, క్యూబా ప్రాంతాల నేలలను కూడా పరిశీలించారు. క్యూబా నేలలపై సహ రచయితతో కలిసి రాసిన గ్రంథం 1928లో వెలువడింది. ఎక్కడికి వెళ్లినా ఆయన చూపు వాలు మీద, వాన నీటి రంగు మీద ఉండేది.

1928లోనే డబ్ల్యూ.ఆర్. చాప్‌లైన్‌తో కలిసి ఆయన ఒక చిన్న పుస్తకం రాశారు. నేలకోత దేశానికే ముప్పు అన్నది దాని సారాంశం. అమెరికాలో ఏడాదికి తక్కువలో తక్కువ 150 కోట్ల టన్నుల మట్టి చేలు, బీళ్ల నుంచి కొట్టుకుపోతున్నదని అందులో లెక్క కట్టారు. వ్యవసాయ శాఖే దాన్ని అచ్చువేసింది. సర్వే ఉద్యోగి కాలం 25 ఏళ్లు గడిచాక శాఖ ఆయన మాటను చెవినపెట్టింది.

ఒక సెంటు నేలలో పరీక్ష

పుస్తకం చదివిన టెక్సాస్ ప్రతినిధి జేమ్స్ బుకానన్ చొరవతో 1929లో అమెరికా పార్లమెంటు ఈ పనికి లక్షా 60 వేల డాలర్లు మంజూరు చేసింది. దానితో వివిధ రాష్ట్రాల్లో పదింటి దాకా పరిశోధన కేంద్రాలు వెలిశాయి.

ఆ కేంద్రాల్లో జరిగిన పరీక్ష మన రైతులకు సులువుగా అర్థమవుతుంది. వాలు నేలలో 6 అడుగుల వెడల్పు, 72 అడుగుల పైచిలుకు పొడవు ఉండే మడులు కట్టారు. ఒక్కో మడి ఎకరంలో నూరోవంతు, అంటే మన లెక్కలో సరిగ్గా ఒక సెంటు. చుట్టూ అంచు కట్టి, దిగువన తొట్టి పెట్టారు. వాన పడగానే మడి నుంచి పారిన నీరు, మట్టి ఆ తొట్టిలోకి చేరతాయి. వాన వెలిశాక నీటిని కొలిచి, మట్టిని ఎండబెట్టి తూకం వేస్తారు. ఒక మడిలో ఏ పైరూ లేకుండా వదిలేశారు. ఒకదానిలో మొక్కజొన్న, ఒకదానిలో పత్తి, ఒకదానిలో గడ్డి, మరొకదానిలో పంట మార్పిడి. వాన అన్నింటికీ ఒకటే. వాలూ ఒకటే.

ఫలితాలు అన్నిచోట్లా ఒకే దారి చూపాయి. బోసి నేల నుంచి, ఏటా అదే పైరు వరుసల్లో వేసిన నేల నుంచి మట్టి టన్నుల కొద్దీ పోయింది. దట్టంగా గడ్డి ఉన్న మడి నుంచి పోయింది లెక్కలోకి రానంత స్వల్పం. పంట మార్పిడి చేసినచోట కోత బాగా తగ్గింది. వాన చినుకు నేరుగా నేలను కొట్టకుండా ఆకో, గడ్డో, చెత్తో అడ్డం ఉంటే మట్టి కదలదు. నీరు నెమ్మదించి లోనికి ఇంకుతుంది. ఇంకిన నీరు పైరుకు దక్కుతుంది. అందువల్ల మట్టిని కాపాడే పని, తేమను కాపాడే పని ఒకటేనని రుజువయింది. వాన తక్కువగా పడే ప్రాంతాలకు ఇది ముఖ్యమైన సంగతి.

ఈ విషయాన్ని చదువు లేనివారికి కూడా తెలిసేలా బెన్నెట్ చూపేవారు. ఒక సభలో ఆయన బల్ల మీద మందపాటి తువ్వాలు పరచి నీళ్లు పోశారని, తువ్వాలు ఆ నీటిని పీల్చుకున్నదని చెబుతారు. తర్వాత తువ్వాలు తీసి ఉత్త బల్ల మీద నీళ్లు పోశారట. అవి బల్లంతా పారి కింద కూర్చున్నవారి కాళ్ల మీద పడ్డాయి. ఇక వివరణ అవసరం లేకపోయింది.

కూన్ వ్యాలీ రైతులు

1933లో రూజ్వెల్ట్ అధ్యక్షుడయ్యారు. దేశంలో నిరుద్యోగం తాండవిస్తున్న కాలం. పనులు కల్పించే నిధుల నుంచి 50 లక్షల డాలర్లు కేటాయించి, నేలకోత నివారణకు ప్రత్యేక సంస్థను ఆ ఏడాది సెప్టెంబరులో ఏర్పరచారు. దానికి బెన్నెట్‌ను అధిపతిగా నియమించారు.

అధికారులు ఊళ్లోకి వచ్చి ఉపన్యాసం ఇచ్చి పోతే రైతు కదలడని ఆయనకు తెలుసు. అందుచేత చేసి చూపించాలని నిర్ణయించారు. విస్కాన్సిన్ రాష్ట్రంలోని కూన్ వ్యాలీ అనే లోయను మొదట ఎంచుకున్నారు. విడివిడి పొలాలను తీసుకోకుండా, కొండ నెత్తి నుంచి వాగు దాకా నీరు ఎటు పారుతుందో చూసి మొత్తం ప్రాంతాన్ని ఒక్కటిగా తీసుకున్నారు. ఇప్పుడు మనం వాటర్‌షెడ్ అంటున్నది అదే.

రైతుతో ఐదేళ్ల ఒప్పందం కుదుర్చుకునేవారు. సంస్థ విత్తనాలు, కంచె సామగ్రి, సలహా ఇస్తుంది. పని కోసం యువకుల దళాలు వస్తాయి. రైతు తన వంతుగా సేద్యపు పద్ధతి మార్చుకోవాలి. వాలు వెంట నిలువునా దున్నడం మాని అడ్డంగా దున్నాలి. కొండవాలును పట్టీలుగా విడదీసి ఒక పట్టీలో మొక్కజొన్న, పక్క పట్టీలో గడ్డి వేయాలి. ఎగువ చేను నుంచి జారిన మట్టి గడ్డి పట్టీలో ఆగిపోతుంది. మరీ నిట్రంగా ఉన్నచోట సాగు మాని చెట్లకు వదలాలి. అడవిలోకి పశువులను తోలకూడదు. గండ్లకు రాళ్లతో, కొమ్మలతో అడ్డుకట్టలు వేయాలి.

నాలుగు వందలకు పైగా రైతులు ఒప్పుకున్నారు. ఒప్పుకోనివారు గట్టు మీద నిలబడి చూశారు. పక్కవాడి చేను పచ్చగా నిలవడం చూశాక వారిలో చాలామంది అదే దారి పట్టారు. చతురస్రపు చేలు పోయి, కొండ ఒంపును అనుసరించి వంకర పట్టీలుగా ఉండే చేలు ఆ లోయ అంతటా ఏర్పడ్డాయి. అవి ఈనాటికీ అక్కడ కనిపిస్తాయి.

దుమ్ము కమ్మిన రోజులు

ఇంతలో మరో వైపు నుంచి విపత్తు వచ్చిపడింది. అమెరికా నడుమ ఉన్న విశాలమైన గడ్డి మైదానాల్లో వాన తక్కువ, గాలి ఎక్కువ. మొదటి ప్రపంచ యుద్ధంలో గోధుమ ధర పెరగడంతో రైతులు ఆ గడ్డినంతా దున్నేశారు. ట్రాక్టర్లు రావడంతో దున్నకం మరింత జోరందుకుంది. తర్వాత ధర పడిపోయింది. అప్పులు తీర్చడానికి ఇంకా ఎక్కువ నేల దున్నారు. 1931 నుంచి కరువు పట్టుకుంది. గోధుమ మొలవలేదు. గడ్డి వేళ్లు లేని నేల ఎండి పొడి అయింది. గాలి ఆ పొడిని ఎత్తుకుపోయింది.

ఓక్లహోమా, కాన్సాస్, టెక్సాస్, కొలరాడో, న్యూ మెక్సికో రాష్ట్రాల కూడలి ప్రాంతం దారుణంగా దెబ్బతిన్నది. పట్టపగలు దీపాలు పెట్టుకునేవారు. తలుపు సందుల్లో తడి గుడ్డలు కుక్కేవారు. పశువులు ఊపిరాడక చచ్చాయి. దుమ్ము పీల్చి పిల్లలు, ముసలివారు ఊపిరితిత్తుల జబ్బుతో మరణించారు. లక్షల మంది ఇల్లూవాకిలీ వదిలి కాలిఫోర్నియా వైపు కూలికి వలసపోయారు. కరువుకు మూటాముల్లే కట్టి బెంగళూరు బస్సెక్కిన కుటుంబాలను చూసిన మన పల్లెలకు ఆ దృశ్యం కొత్త కాదు.

1934 మే నెలలో లేచిన ఒక దుమ్ము తుఫాను పశ్చిమ మైదానాల నుంచి షికాగో, న్యూయార్క్, వాషింగ్టన్ దాటి సముద్రంలోని ఓడల మీద కూడా రాలింది. అది ఎత్తుకుపోయిన మట్టి 30 కోట్ల టన్నులు ఉంటుందని అంచనా. 1935 ఏప్రిల్ 14న వచ్చిన తుఫాను అన్నింటికన్నా భయంకరం. ఆ రోజును నల్ల ఆదివారమని అక్కడివారు ఇప్పటికీ చెప్పుకుంటారు.

సెనేటులో ఆ రోజు

బెన్నెట్ నడిపే సంస్థ తాత్కాలికం. నిధులు ఏ రోజైనా ఆగిపోవచ్చు. దాన్ని శాశ్వతం చేయాలంటే చట్టం కావాలి. 1935 మార్చి, ఏప్రిల్ నెలల్లో పార్లమెంటు సంఘాల ముందు ఆయన సాక్ష్యం చెప్పారు. పశ్చిమం నుంచి మరో దుమ్ము తుఫాను రాజధాని వైపు వస్తున్నదని ఆయనకు ముందే కబురు అందిందట. ఆ రోజు ఆయన తన లెక్కలను తొందర లేకుండా, నింపాదిగా చదువుతూ పోయారు. వింటున్న సెనేటర్లకు విసుగు పుట్టింది. కొంతసేపటికి కిటికీల్లో వెలుతురు తగ్గింది. ఆకాశం రాగి రంగుకు తిరిగింది. సెనేటర్లు లేచి కిటికీల దగ్గరికి వెళ్లారు. వందల మైళ్ల అవతలి రైతుల పొలం వారి కళ్ల ముందు గాలిలో పోతున్నది.

ఈ ముచ్చటలో కొంత కలిపి చెప్పింది ఉందనేవారూ ఉన్నారు. అయితే ఆ వారాల్లో రాజధాని మీద దుమ్ము కమ్మిన మాట నిజం. చట్టం ఆమోదం పొందిన మాట నిజం. 1935 ఏప్రిల్ 27న రూజ్వెల్ట్ నేల సంరక్షణ చట్టంపై సంతకం చేశారు. వ్యవసాయ శాఖలో నేల సంరక్షణ సర్వీసు శాశ్వతంగా ఏర్పడింది. బెన్నెట్ దాని తొలి అధిపతి. 1951 వరకు ఆయనే ఆ పదవిలో ఉన్నారు.

తాహతును బట్టి సాగు

చట్టం వచ్చినంత మాత్రాన మట్టి ఆగదు. ఎక్కడ ఎంత పోయిందో ముందు తెలియాలి. 1934లోనే బెన్నెట్ మనుషులు దేశమంతటా తిరిగి కోత ఎంతుందో పటాలు గీశారు. ఆ లెక్కల ఆధారంగా దాదాపు 5 కోట్ల ఎకరాలు సాగుకు పనికిరాకుండా పోయాయని, మరో 5 కోట్ల ఎకరాలు దాదాపు ఆ స్థితికి చేరాయని ఆయన ప్రకటించారు.

తర్వాత ఆయన సంస్థ భూములను వాటి తాహతును బట్టి ఎనిమిది తరగతులుగా విభజించే పద్ధతి తెచ్చింది. వాలు ఎంత, మట్టి లోతు ఎంత, అది ఇసుకా బంకా, పైమట్టి ఇప్పటికే ఎంత పోయింది, నీరు నిలుస్తుందా అన్నవి చూసి తరగతి నిర్ణయిస్తారు. మొదటి తరగతి చదునైన లోతు నేల. ఏ పైరైనా వేయవచ్చు. రెండు, మూడు తరగతుల్లో గట్లు, పంట మార్పిడి వంటి జాగ్రత్తలు కావాలి. నాలుగో తరగతిలో ఎప్పుడో ఒకసారి మాత్రమే దున్నాలి. ఐదు నుంచి ఏడు వరకు గడ్డికి, చెట్లకు వదిలేయాలి. ఎనిమిదో తరగతిని మనిషి ముట్టుకోకుండా ఉండటమే మేలు. మన దేశంలో నేలల సర్వేలు కూడా ఈ ఎనిమిది తరగతుల పద్ధతినే వాడుతున్నాయి.

అన్ని భూములకూ ఒకే మందు లేదన్నది బెన్నెట్ సిద్ధాంతం. గట్టు ఒక్కటే పోస్తే చాలదు. గట్టు మధ్య నేల బోసిగా ఉంటే మట్టి జారి గట్టు దగ్గర చేరుతుంది. పెద్ద వానకు గట్టు తెగితే గట్టు లేనప్పటి కన్నా ఎక్కువ నష్టం. అడ్డ దున్నకం, కప్పు పైరు, గట్టు, మిగులు నీరు దిగడానికి గడ్డి పెంచిన దారి అన్నీ కలిసి పనిచేయాలని ఆయన చెప్పేవారు.

ఈ పని ఢిల్లీ వంటి దూరపు రాజధాని నుంచి నడపలేమని కూడా ఆయన గుర్తించారు. 1937లో రూజ్వెల్ట్ రాష్ట్రాలన్నింటికీ ఒక నమూనా చట్టం పంపారు. దాని ప్రకారం రైతులే ఓటు వేసి తమ ప్రాంతానికి నేల సంరక్షణ మండలిని ఏర్పాటు చేసుకోవచ్చు. మొదటి మండలి 1937 ఆగస్టు 4న బ్రౌన్ క్రీక్ పేరుతో ఆన్సన్ కౌంటీలో ఏర్పడింది. చిన్నప్పుడు బెన్నెట్ తండ్రితో కలిసి గట్లకు గుర్తులు పెట్టిన పొలం ఆ మండలిలోనే ఉంది. ఇప్పుడు అమెరికాలో ఇటువంటి మండలులు దాదాపు 3 వేలు ఉన్నాయి.

పొరపాట్లు

బెన్నెట్ చేసినవన్నీ ఒప్పులే అనడానికి లేదు. గండ్లు పడిన నేలను త్వరగా కప్పాలన్న తొందరలో ఆయన సంస్థ కుడ్జు అనే విదేశీ తీగను ప్రోత్సహించింది. 7 కోట్లకు పైగా మొక్కలు పెంచి పంచారు. నాటిన రైతుకు ఎకరానికి 8 డాలర్ల దాకా ఇచ్చారు. మట్టిని అది పట్టుకున్న మాట నిజమే. కానీ తర్వాత అదుపు తప్పి చెట్లను, కంచెలను, పాడుబడిన ఇళ్లను కప్పేసింది. 1953లో ప్రభుత్వం దాన్ని సిఫారసు జాబితా నుంచి తొలగించింది. చివరకు కలుపు మొక్కగా ప్రకటించవలసి వచ్చింది.

రాయలసీమకు ఇటువంటి అనుభవం మరోటి ఉంది. ఇప్పుడు చెరువుల్లో, బీళ్లలో అల్లుకుపోయిన సర్కారు తుమ్మ మన చెట్టు కాదు. వంటచెరకు కోసమని, బీళ్లను కప్పడానికని దాన్ని విదేశం నుంచి తెచ్చి 1877లో కడప జిల్లా కమలాపురం ప్రాంతంలో నాటారు. త్వరగా పెరిగే మొక్క దొరికిందని సంబరపడేముందు, దాన్ని రేపు ఎవరు అదుపు చేస్తారని అడగాలి.

మరో లోపం కూడా ఉంది. సర్వీసు సాయం ఎక్కువగా సొంత భూమి ఉన్న రైతులకే అందింది. దక్షిణాది పత్తి చేలలో పాలికి చేసే పేదలకు, వారిలో అధికులైన నల్లజాతివారికి దక్కింది తక్కువ. ఏడాదికో చేను మారే కౌలుదారు పదేళ్లకు ఫలితమిచ్చే గట్టు ఎందుకు పోస్తాడు? ఈ ప్రశ్న ఇవాళ మన ఊళ్లలోని కౌలు రైతుల విషయంలోనూ ఉంది.

చివరి రోజులు

1939లో బెన్నెట్ నేల సంరక్షణపై దాదాపు వెయ్యి పేజీల గ్రంథం వెలువరించారు. వెనిజులా, దక్షిణాఫ్రికా వంటి దేశాలు ఆయనను పిలిపించుకుని సలహా తీసుకున్నాయి. భారీ మనిషి కావడంతో సహచరులు ఆయనను పెద్ద హ్యూ అని పిలిచేవారు. హోదా పెరిగినా పొలం గట్టు మీద వంగి మట్టి పిడికిట పట్టి చూసే అలవాటు పోలేదు. 1960 జులై 7న ఆయన కన్నుమూశారు. ఆర్లింగ్టన్ జాతీయ శ్మశానవాటికలో సమాధి చేశారు. ఆయన స్థాపించిన సర్వీసు పేరు 1994లో మారింది కానీ పని సాగుతూనే ఉంది.

మన నేల మాట

మన వైపు కూడా ఈ పని కొత్తది కాదు. 1930లలోనే బళ్లారి దగ్గర హగరి, రాయచూరు, షోలాపూర్ కేంద్రాల్లో మెట్ట సేద్యంపై పరిశోధనలు మొదలయ్యాయి. 1954లో బళ్లారిలో నేల, నీటి సంరక్షణ పరిశోధన కేంద్రం ఏర్పడింది. 1985లో హైదరాబాద్‌లో కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ నెలకొన్నది. 2006 ఫిబ్రవరి 2న దేశంలోనే మొదటిసారిగా ఉపాధి హామీ పథకాన్ని అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభించారు. ఆ పథకం కింద ఎన్నో ఊళ్లలో గట్లు, కందకాలు, నీటి కుంటలు తవ్వారు.

అయినా పని మిగిలే ఉంది. ఇస్రో వారి అంతరిక్ష అనువర్తనాల కేంద్రం 2021లో ప్రచురించిన పటాల ప్రకారం 2018-19 నాటికి దేశంలో 9 కోట్ల 78 లక్షల హెక్టార్ల భూమి క్షీణించింది. అంటే దేశం మొత్తం విస్తీర్ణంలో దాదాపు 30 శాతం. అందులో నీటి కోత వల్ల చెడిందే అన్నింటికన్నా ఎక్కువ.

తన చేను ఏ స్థితిలో ఉందో తెలుసుకోవడానికి రైతుకు ఉపగ్రహం అక్కరలేదు. గట్టు మీది చెట్టు వేళ్లు బయటపడ్డాయా? గులకరాళ్లు ఏటా పెరుగుతున్నాయా? మిట్టన మట్టి రంగు వెలసి, పల్లాన ముదురుగా ఉందా? వాన వెలిశాక చేను నుంచి పారే నీరు ఏ రంగులో ఉంది? ఈ నాలుగూ చూస్తే చాలు. తర్వాత మడక, గొర్రు, గుంటక ఏదైనా వాలుకు అడ్డంగా తోలడం, వేరుశనగ మధ్య కంది సాళ్లు వేయడం, కోత అయ్యాక నేలను బోసిగా వదలకపోవడం, గట్టు మీద గడ్డి పెంచడం ఎవరి చేతిలో పని వారిదే. వీటికి ఖర్చు తక్కువ. వంక మొత్తానికి చేయవలసిన పనులకు మాత్రం ఊరు ఒక్కటి కావాలి. ఎగువ రైతు నీటిని ఆపకపోతే దిగువ రైతు గట్టు నిలవదు.

అంగుళం పైమట్టి తయారు కావడానికి వందల ఏళ్లు పడుతుంది. అది పోవడానికి కొన్ని గట్టి వానలు చాలు. లూయీసా కౌంటీలో బెన్నెట్ చేసినట్టు ఏ రైతైనా ఇవాళ చేసి చూడవచ్చు. గుట్ట మీది చెట్ల కింద ఒక పిడికెడు, తన చేను మధ్యలో ఒక పిడికెడు మట్టి తీసి పక్కపక్కన పెట్టుకుంటే ఎంత పోయిందో, ఇంకా ఎంత మిగిలిందో తెలిసిపోతుంది. మిగిలినదాన్ని కాపాడుకునే పని వచ్చే వానకు ముందే మొదలు కావాలి.